ఆకుపచ్చ వైరు

ఏళ్లుగా మా ఇంట్లో ఒక అబద్ధం నిజంలా బతుకుతోంది. అది నేను చెప్పిన అబద్ధం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. రేపు చెప్పవలసిన మనిషి వేరే ఉంది.

మాది చొప్పదండి దగ్గర ఒక ఊరు, కుమ్మరి పని ఇంకా వదలని ఇల్లు. మా ఇళ్లలో ఆడవాళ్లు మట్టి తెస్తారు, తొక్కుతారు, పచ్చికుండలు ఆరబెడతారు. కుండను లేపే చక్రం, సారె ముందు మాత్రం కూర్చోరు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. కూర్చోరు, అంతే. భర్త పోయాక మా ఇంటికి వచ్చేసిన మా మేనత్త చిన్నప్పటి నుంచీ ఆ సారెను చూస్తూనే పెరిగిందట, ముట్టుకోకుండా.

మా నాన్న, బాపు, కరెంటు సారె తెచ్చిన రోజు ఆమె అడిగేసింది, తనూ కూర్చుంటానని. బాపు సరేనన్నాడు. ఆయన అన్న, పెద్దబాపు ఊరుకోలేదు.

“ఆడోళ్లు సారె ముంగట కూసునుడు మనింట్ల ఉన్నదా? కరెంటుదైతే సారె కాకుండ పోతదా?”

“తిప్పేది కరెంటే గదనే అన్నా. నేను ఉత్తగ చెయ్యి పెడ్త,” అంది అత్త.

బాపు నవ్వాడు. అత్త కూర్చుంది. ఆమె వేళ్ల మధ్య మొదటి చిన్న గురిగి లేచినప్పుడు ఆమె ముఖం చూసినదాన్ని నేను. అందుకే నాకు క్షమాపణ సులువు కాదు.

వానలు మొదలయ్యాక సారె మొరాయించింది. స్విచ్చు వేస్తే చాలు, గోడ మీది ట్రిప్ స్విచ్చు పడిపోయి ఇంటికంతా కరెంటు పోయేది. ఎలక్ట్రీషియన్ రేపొస్తా, ఎల్లుండొస్తా అంటున్నాడు.

“నువ్వు సదువుకున్నవ్ గదా బిడ్డా, జర సూడరాదు,” అంది అత్త.

నన్ను ఎవరూ ఏదీ అడగరు. నలుగురిలో నోరు విప్పని, పుస్తకంలో తల దూర్చుకుని కూర్చునే పిల్లను. ఆ ఒక్క మాటకే పొంగిపోయాను.

ప్లగ్గు పీకి, సారెను పక్కకు ఒరిగించి, అడుగు రేకు విప్పాను. మోటారు చుట్టూ మట్టినీళ్ల తడి. ఎక్కడో వైరు తోలు లేచి ఇనుప ఒంటికి కరెంటు పాకుతోందని అర్థమైంది. ఎక్కడన్నది దొరకలేదు. దొరికింది ఆకుపచ్చ వైరు. అది ఎర్తు. అలా పాకిన కరెంటు మనిషి ఒంట్లోకి రాకుండా భూమిలోకి పంపేది. దాన్ని ఊడదీస్తే స్విచ్చు పడడం ఆగుతుందని నాకు తెలుసు. ఎందుకు ఊడదీయకూడదో కూడా తెలుసు, చదువుకున్నాను. తెలియక చేసిన పనైతే ఇన్నేళ్లు ఇలా మోసేదాన్ని కాదేమో.

ఊడదీశాను. సారె తిరిగింది. “మా ఇంజినీరమ్మ,” అంది అత్త, అందరికీ వినపడేలా. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకానే కదా అనుకున్నాను. అనుకోవడానికి ఎన్ని మాటలైనా దొరుకుతాయి. ఆ మెప్పు ఒక్కపూటైనా నా దగ్గర ఉండాలనుకున్నాను. అదీ అసలు సంగతి.

ఆ సాయంత్రమే అత్త, తడి నేల మీద ఉత్త కాళ్లతో, తడి చేత్తో సారె ఒంటిని పట్టుకుంది. అరవలేదు. ఎవరో తోసినట్టు వెనక్కి పడింది. ఆ క్షణమే ఇంట్లో కరెంటు పోయింది. గోడ మీది స్విచ్చు పడబట్టే ఆమె బతికింది. అందరూ ఆమెను లోపలికి మోసుకుపోయారు. నేను సారె దగ్గరే ఆగిపోయాను. ప్లగ్గు పీకి, మళ్లీ రేకు విప్పి వెతికాను. మోటారులోకి వైరు వెళ్లే చోటే తోలు లేచి ఉంది. పొద్దున దొరకనిది అప్పుడెలా దొరికింది? పొద్దున నేను సరిగా వెతకలేదు. తుడిచి టేపు చుట్టాను. ఆకుపచ్చ వైరును దాని చోట బిగించాను. అత్తకు స్పృహ వచ్చిందో లేదో చూడకముందే ఈ పని చేశాను. ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

మరునాడు ఎలక్ట్రీషియన్ వచ్చి, రేకు విప్పకుండానే నడిపి చూసి, సారెలో ఏ తప్పూ లేదన్నాడు. “నేను ముందుగాలనే చెప్పిన. సారె ఊకుంటదా?” అన్నాడు పెద్దబాపు. భుజానికి కట్టుతో మంచం మీదున్న అత్త అది విని నన్ను దగ్గరికి పిలిచింది.

“నువ్వు ఇప్పి సూసినవ్ గదా బిడ్డా. వైర్లల్ల తప్పేమన్న ఉండెనా?”

“లేదత్తా. జర తడుంటే తుడిచిన, గంతే. వైర్లన్ని మంచిగనే ఉండె.”

“అయితే అన్న చెప్పిందే నిజమేమో.”

నేను కాదనలేదు. ఆ రాత్రి డైరీలో వాన పడిందని మాత్రమే రాశాను. భుజం నయమైంది. అత్త మళ్లీ సారె ముందు కూర్చోలేదు. భయంతో మానేసి ఉంటే అది వేరు. తనే తప్పు చేశానని నమ్మి మానేసింది. ఆ నమ్మకాన్ని నేనే ఆమె చేతిలో పెట్టాను.

పోయిన వారం, ఇప్పుడు నేనుంటున్న కరీంనగర్ నుంచి ఇంటికి వెళ్లాను. కొత్తగా వచ్చిన వదిన సరదాగా సారె ముందు కూర్చోబోయింది. అత్త ఆమె చెయ్యి పట్టి లేపింది. “వద్దు బిడ్డా. నాకేమైందో దీన్నడుగు,” అని నన్ను చూపించింది. వదిన నా వైపు చూసింది. నేను తలూపాను.

ఆ తలూపడమే నేను మోయగలిగిన చివరిది. ఇంకొక మనిషికి నా అబద్ధాన్ని అందించలేను.

రేపు పొద్దున బస్సుకు వెళుతున్నాను. పెద్దబాపు, వదిన ఇద్దరూ ఉండగానే చెబుతాను. సారె అడుగు రేకు విప్పి, నా టేపు చుట్టిన చోటు చూపిస్తాను. క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమిస్తుంది, అది నాకు తెలుసు, అందుకే అడగను. ఆమె మళ్లీ సారె ముందు కూర్చుంటుందో, నాతో మాట్లాడడమే మానేస్తుందో, అది ఆమె ఇష్టం. ఇన్నేళ్లూ ఆమె ఇష్టాన్నే కదా నేను లాక్కున్నది. నాకు చెప్పవలసింది ఒక్కటే ఉంది. తడబడకుండా చెప్పేందుకు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. రాస్తుంటే ఊపిరి తేలికగా ఆడుతోంది.

ఉండె అత్తా. వైర్లల్ల తప్పు ఉండె. అది నేను చేసిందే.