పొగచూరిన జొన్న కంకులు

నందిగామ వ్యవసాయ ప్రదర్శన మైదానాన్ని ఆఫీసర్లు పుట్టించారని ఇప్పటికీ సభల్లో చెబుతుంటారు. వాళ్లు పాతింది గుంజలు. అంతవరకే ఒప్పుకుంటాను.

యాభైల చివర్లో అది పశువుల సంత జరిగే బీడు. మొదటి ఏడు నాలుగు తాటాకు పందిళ్లు వేసి, ఎవరి మంచి పంట వాళ్లు తెమ్మని ఊరూరా చాటింపు వేయించారు. మాది చందర్లపాడు వైపు మెట్ట. పొయ్యి పైన వాసానికి వేలాడుతున్న విత్తనపు జొన్న కంకులు దించాను. పొగ తగిలితే పురుగు పట్టదని మా ఇళ్లల్లో ఆడవాళ్లు విత్తనం అలాగే దాస్తారు.

"కాస్త కడుగమ్మాయ్. మొహం కడక్కుండా పెళ్లిచూపులకి తీసుకెళ్తావా?" అంది మా అత్తగారు.

"కడిగితే ఇక వండుకోడానికే పనికొస్తాయత్తయ్యా."

పందిట్లో బల్ల మీద గాజుసీసాలో ఆఫీసర్లు తెచ్చిన తెల్లజొన్నలు తళతళలాడుతున్నాయి. అక్కడి ఆఫీసరు నా కంకుల్ని తాకి, వేలు రుమాలుకు తుడుచుకున్నాడు.

"ఇది ప్రదర్శనమ్మా. మసిగుడ్డలు పెట్టే చోటు కాదు."

నేను బడికి వెళ్లింది ఐదో తరగతి దాకే. మిగిలిన చదువంతా ఊళ్లో గ్రంథాలయం పెట్టిన భిక్ష. విత్తనాన్ని రంగు చూసి కాదు, తడిగుడ్డలో మొలకెత్తించి తేల్చుకోవాలని అక్కడే చదివాను.

"నావి వంద గింజలు, మీ సీసాలోవి వంద తడిగోనెలో వేద్దామండి. మూడు రోజులుంటారుగా. నావి తక్కువ మొలిస్తే మోసుకుపోతా."

"ఎవరు నేర్పారు నీకిదంతా?"

"మీ డిపార్టుమెంటు అచ్చేయించిన పుస్తకమేనండి."

చుట్టూ చేరిన రైతులు నవ్వారు. ఒక ముసలాయన అప్పటికే గోనె తడిపేశాడు. ఆఫీసరుకు కాదనే వీల్లేకపోయింది.

మూడో రోజు పొద్దున అందరి ముందూ గోనె విప్పాం. నావి దాదాపు అన్నీ మొలిచాయి. సీసా గింజల్లో సగం పురుగు తొలిచి, ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాయి. బహుమతి మాత్రం సీసాకే ఇచ్చారు. అయితేనేం, నా కంకులు సాయంత్రం దాకా బల్ల మీదే ఉన్నాయి.

మరుసటేడు చెవిటికల్లు నుంచి కూడా ఆడవాళ్లు నల్లటి కంకులు పట్టుకొచ్చారు. పందిరి చాలక మెట్ట విత్తనాలకు వేరే పందిరి వేశారు. అరవైలు గడిచేసరికి ఆ పందిళ్లు రేకుల షెడ్లయ్యాయి. ఎడ్ల బండలాగుడుకు బాట, చుట్టూ ప్రహరీ, గేటు వచ్చాయి. గేటు పక్క శిలాఫలకం మీద పెద్దల పేర్లు చెక్కించారు. మాలో ఒక్కరి పేరూ లేదు.

ఆ ఫలకం ముందు నుంచే ఏటా నా కంకులు లోపలికి తీసుకెళ్లాను, కడగకుండా.