శ్రావణి బదులు ‘ప్రెజెంట్ సార్’ అన్న పదకొండు రోజులు

ఆ రోజు సోమవారం. డిగ్రీ మొదటి సంవత్సరం, మూడో వారం. నేను, నా దోస్తు శ్రావణి నయాపూల్ కాడ బస్సు దిగినం. అక్కడి నుంచి కాలేజీ పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలల్ల శ్రావణి లీటరు బాటిల్ ఖాళీ చేసి, నా బాటిల్ గూడ గుంజుకున్నది. గేటు దాటంగనే బాత్రూంకు ఉరికింది. తిరిగొచ్చినంక చూస్తే చుడీదారు భుజాల మీద నిలుస్తలేదు. మొదటి రోజు టైట్ అయిందని తిట్టుకున్న డ్రెస్సే అది.

"ఏందే, గిట్లయినవ్?" అన్న.

"నీరసం, గంతే. మా నాన్నకు చెప్పకు."

వాళ్ల నాన్న కార్వాన్‌ల మా ఇంటి దగ్గరి నరసింహస్వామి గుడిల అర్చకులు. మేమందరం అయ్యగారు అంటం. మా అమ్మ పూలదండలు కడ్తది. పొద్దుగాల గుడిమల్కాపూర్ మార్కెట్ల పూలు తెచ్చుడు, కట్టిన దండ గుడిల ఇచ్చుడు నా పని. అంటే అయ్యగారి మొహం నేను రోజూ చూస్త.

శ్రావణి భయం ఒక్కటే. ఒంట్ల బాగలేదని తెలిస్తే కాలేజీ మాన్పిస్తరని. "ఇంట్లనే ఉండి చదువుకో" అని ఆయన ముందునుంచే అంటున్నరు. రెండు రోజులు అన్నం మానేసి, లొల్లి చేసి ఒప్పించుకున్న సీటు అది. నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని "ఒట్టెయ్యి" అన్నది. ఏసిన.

మా కాలేజీల ఎవరన్న క్లాసుకు రాకుంటే ఇంటికి మెసేజ్ పోతది. శ్రావణి వచ్చుడైతే వస్తది గానీ క్లాసుల కూసునే ఓపిక లేదు. లేడీస్ వెయిటింగ్ రూంల బల్ల మీద పండుకునేది. క్లాసుల తొంభై మందిమి. కొత్త గద, సార్లకు మొహాలు తెల్వయ్, తల ఎత్తకుండ పేర్లు చదువుతరు. భాగ్య అని నా పేరు పిలిస్తే నా గొంతుతో పలికేదాన్ని, శ్రావణి అంటే గొంతు సన్నగ జేసి "ప్రెజెంట్ సార్" అనేదాన్ని. పక్క బెంచోళ్లు నవ్వేటోళ్లు. దోస్తును కాపాడుతున్ననని నాకు మస్తు గర్వం.

గర్వం అంటున్న గానీ మనసు ఒక్కకాడ నిలిచేది కాదు. గంటకోసారి ఉరికిపోయి శ్రావణిని చూసొచ్చేదాన్ని. నీరసం అంటే మనకు తెలిసిన మందు ఏంది? గ్లూకోజ్ పొడి. రోజుకు మూడుసార్లు కలిపిచ్చిన. బయట బండి మీద బత్తాయి రసం, చక్కెర ఎక్కువ ఏపిచ్చి మరీ తెచ్చిన. తాగేది, మళ్ల దూప అనేది. మళ్ల ఇచ్చేదాన్ని.

పొద్దున దండ ఇయ్యంగనే అయ్యగారు అడిగేటోళ్లు. "అమ్మాయి చిక్కిపోతున్నదేందమ్మా? కాలేజీల మంచిగ ఉంటున్నదా?"

"తిరుగుడు ఎక్కువ గద అయ్యగారూ. మంచిగనే ఉన్నది."

సిగ్గులేదు నాకు.

పన్నెండో రోజు పొద్దున వెయిటింగ్ రూంల రెండుసార్లు కక్కుకున్నది. కడుపు పట్టుకుని, ఉరికొచ్చినదాని లెక్క రొప్పుతున్నది. నోట్లకెళ్లి మాగిపోయిన పండు వాసన. "శ్రావణీ" అంటే కండ్లు తెరుస్తది, మళ్ల మూస్తది. క్లాసుల ఇద్దరు పిల్లలను పిలిచి శ్రావణిని ఆటోల ఎక్కిచ్చిన. "అన్నా, దవాఖానకు! జల్ది!" అని అరిచిన. అప్పుడు చేసిన అయ్యగారికి ఫోన్.

క్యాజువాలిటీల నర్సు వేలికి సూది గుచ్చింది. మిషన్ మీద నంబర్ రాలే, 'హై' అని వచ్చింది. డాక్టరమ్మ వాసన చూసి, "యూరిన్ కీటోన్స్ పంపండి, డీకేఏ లాగుంది, షుగర్ ముదిరి రక్తం ఆమ్లమైతది. టైప్ వన్ డయాబెటిస్ అయ్యుంటది," అన్నది. పద్దెనిమిదేండ్ల పిల్లకు షుగరేంది అనుకున్న.

అప్పుడే అయ్యగారు ఉరుకుతొచ్చిండ్రు. "ఎన్ని రోజులనుంచి ఇట్ల?" అని డాక్టరమ్మ ఆయననే అడిగింది.

"జర చిక్కింది గానీ, నిన్నటిదాక బాగనే ఉన్నదమ్మా. రోజూ కాలేజీకి పోయింది. ఒక్కరోజు గూడ ఆబ్సెంట్ మెసేజ్ రాలే," అని ఫోన్ తీసి చూపిస్తున్నరు.

నా గొంతు ఆగలే. "రెండు వారాలనుంచి మేడం. క్లాసుకే రాలే. హాజరు నేనే పలికిన. గ్లూకోజ్ గూడ నేనే తాగిచ్చిన."

డాక్టరమ్మ తిట్టలే. "ఇప్పుడన్న చెప్పినవ్," అని లోపలికి పోయింది. అయ్యగారు నన్ను చూసిన్రు. చూపిస్తున్న ఫోన్ దించి, డాక్టరమ్మ వెనక పోయిన్రు. తిట్టినా బాగుండు అనిపించింది.

ఐసీయూల మూడు రోజులు. ఇన్సులిన్ డ్రిప్, సెలైన్, మాటిమాటికి రక్తం తీసుడు. రెండో రోజు పొటాషియం పడిపోయిందన్నరు, మళ్ల పరేషాన్. బయట బెంచీ మీద నేను కూసోలేను, నిలవడలేను. మూడో రోజు కండ్లు తెరిచి "అటెండెన్స్ పోయిందా?" అన్నది. ఏడుపు, నవ్వు రెండూ వచ్చినయ్.

ఇంటికొచ్చినంక రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. షుగర్ పడిపోతే ఎంటనే తీపి పెట్టాలె అని డాక్టరమ్మ నాకు గూడ చెప్పింది. గ్లూకోజ్ ప్యాకెట్ నా బ్యాగులనే పెట్టుకున్న.

నెల దాటింది. శ్రావణ శనివారం. అర్చకుల ఇంట్ల నైవేద్యం కానిదే ఎవరూ ముద్ద ముట్టరు. శ్రావణి టైముకు ఇన్సులిన్ ఏసుకున్నది, గుడిల జనం ఎక్కువై నైవేద్యం ఆలస్యమైంది. నేను దండ తీసుకుని పోయేసరికి గుడి మెట్ల మీద కూసోని ఉన్నది. చెమటలు, చేతులు గడగడ, మాట తడబడుతున్నది. తిండి పడక షుగర్ పడిపోయిందని తెలిసింది. నా చెయ్యి బ్యాగులకు పోయింది, గ్లూకోజ్ ప్యాకెట్ దొరికింది. కానీ బయటికి తియ్యలేకపోయిన. అదే పొడి గద అప్పుడు నేను తాగిచ్చింది.

"అయ్యగారూ!" అని కేక పెట్టిన.

ఆయన ఒక్క చూపు చూసిన్రు. నైవేద్యానికి పెట్టిన పానకం చెంబు ఎత్తుకొచ్చి, దేవునికి చూపకుండనే బిడ్డతో మెల్లగ తాగిచ్చిన్రు. కాసేపటికి వణుకు ఆగింది. "స్వామికి మళ్ల కలుపుతం," అన్నరు. తర్వాత నా దిక్కు తిరిగి, "నీకు భయమైతే నన్ను పిలువు, గిట్లనే. దాచకు," అన్నరు. దవాఖాన తర్వాత నాతో సరిగ్గ మాట్లాడింది అప్పుడే.

ఇప్పుడు ఆ ఇంట్ల శ్రావణి ముందు తింటది, దేవుడు తర్వాత. కాలేజీ మాన్పియ్యలే. రెండో సంవత్సరంల ఉన్నం.

మీ పక్క బెంచీల ఎవరన్న కడవలకొద్ది నీళ్లు తాగుతూ, బాత్రూంకు తిరుగుతూ, బక్కచిక్కిపోతుంటే, నీరసం అని మీరే మందు చెయ్యకండ్రి. ఆ రోజే వేలికి సూది గుచ్చి షుగర్ చూపియ్యండ్రి. ఇదొక్కటే నేను చెప్పేది.

మొన్న సారు "శ్రావణి" అని పిలిచిండు. పలుకు లేదు. అందరు నా దిక్కు చూసిన్రు. లేచి నిలవడి, "ఆబ్సెంట్ సార్" అని గట్టిగ చెప్పి బయటికి ఉరికిన. క్యాంటీన్ల సమోస తింటున్నది, నిమ్మళంగ.

"నన్ను పట్టిచ్చినవా?"

"పట్టిచ్చిన."

ఆబ్సెంట్ మెసేజ్ పోయినట్టుంది, టేబుల్ మీద దాని ఫోన్ మోగింది. అయ్యగారు.

"ఎత్తు," అన్న.