ప్రింటరుకు పెట్టిన బొట్టు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను "వాన పడుతోంది" అంటే మా ఆవిడ వరండాలోకి వెళ్ళి, చెయ్యి బయటికి చాపి చూసుకున్నాక గానీ ఆరేసిన బట్టలు తీయదు. అంచేత ఇందులో మీకు ఏనుగు కనబడితే దూడ అనుకోండి, దూడ కనబడితే పిల్లి అనుకోండి. పిల్లి కనబడితే మాత్రం అది పిల్లే. అంతకన్నా తగ్గించడం నాకిష్టం ఉండదు.

ఎనభైల చివర్లో నేను నరసరావుపేటలో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాను. చుట్టుపక్కల పండిన మిరపకాయలు, పత్తి, మాచర్ల నాపరాళ్ళు, పిడుగురాళ్ళ సున్నం అన్నీ మా యార్డుకొచ్చి, లారీలెక్కి దేశం మీద పడేవి. పొద్దున తెల్లచొక్కాతో వచ్చినవాడు సాయంత్రానికి కారం కలిపిన సున్నంలో ముంచి తీసినట్టుండేవాడు. మా ఆఫీసులో ఎవడైనా గట్టిగా తుమ్మితే పక్క హోటలువాడికి ఆ పూట కారం కొనే పని తప్పేది.

అట్లాంటి చోటికి ఒక కంప్యూటరు వచ్చింది. మా ఓనరు గుంటూరులో ఎవరి ఆఫీసులోనో దాన్ని చూశాడు. చూసిన దగ్గర్నుంచి అన్నం సహించలేదు. అది వచ్చిన రోజున ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. పెట్టెను లారీలోంచి దింపుతుంటే పెళ్ళికూతుర్ని దింపుతున్నంత జాగ్రత్త. గదికి అద్దాల తలుపు పెట్టించాడు, ఏసీ పెట్టించాడు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలన్నాడు. డ్రైవర్లు గది ముందు విడిచిన చెప్పులు గుట్టపడి, ఒక దశలో ఆఫీసు బోర్డు కనబడకుండా పోయింది.

ఆ పెట్టెను నడపడానికి ఒకామె వచ్చింది. అందరికీ అక్క. భర్త పోయి, చంటిబిడ్డతో పుట్టింటికి చేరిన మనిషి. టైపు హయ్యరు పాసై, గుంటూరు బస్సులో రోజూ వేలాడుతూ వెళ్ళి కంప్యూటరు నేర్చుకుంది. మాట తక్కువ. నుదురు ఖాళీ. ఇంట్లో ఆమె జీతం తప్ప వేరే ఆధారం లేదని మా యార్డులో కుక్కకి కూడా తెలుసు.

ఆమె పని వే బిల్లులు కొట్టడం. ఏ లారీలో ఏ సరుకు, ఎవరిది, ఎక్కడికి అని రాసి ఉండే ఆ కాయితం లేకుండా లారీ కదిలితే మొదటి చెక్‌పోస్టులోనే ఆపేస్తారు. లోడింగంతా సాయంత్రానికి పూర్తవుతుంది కాబట్టి లారీలన్నిటికీ ఒకే వేళకు బిల్లులు కావాలి. కంప్యూటరు బాగానే ఉండేది. దాని పక్కనున్న ప్రింటరుతోనే చిక్కు. అది ఒక్కో అక్షరాన్ని బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరి, చూసి, ఆలోచించి, మనసు కుదిరితే కాయితం మీద వేసేది. ఒక బిల్లు మొదలుపెట్టాక మనం పిడుగురాళ్ళ వెళ్ళి, టీ తాగి, అక్కడ ఎవరిదైనా పెళ్ళుంటే అక్షింతలు వేసి తిరిగొచ్చినా ఇంకా సరుకు పేరు దగ్గరే ఉండేది.

డ్రైవర్లు అద్దాల్లోంచి చూస్తూ సాధించేవాళ్ళు.

"ఏందక్కా, ఇది అచ్చేస్తందా, స్వెట్టరల్లుతుందా?"

"ఒరేయ్, అక్కనేమనకరా. నా లోడు మిరగాయలు ఈడనే మొలకలొచ్చేటట్టున్నయ్, అయ్యి కోసి మళ్ళీ ఎండబెట్టుకుందాంలే."

అక్క నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. రిబ్బను మార్చేది, కాయితం సర్దేది, మళ్ళీ కూర్చునేది. ఒకరోజు ఓనరు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు.

"చూడమ్మాయ్, నీ తప్పేం లేదు. దసరా దాకా చూస్తా. అప్పటికీ ఇది ఇట్టనే ఈడిస్తే పెట్టెను ఎనక్కి పంపిచ్చేస్తా. చేత్తో రాసేవోళ్ళు నాకున్నారు. నీకు వేరే పనంటే... నా దగ్గర లేదు మరి."

"సరేనండి" అంది అక్క. అంతే.

దసరా వచ్చింది. మా యార్డులో ఆయుధపూజ అంటే మాటలు కాదు. లారీల్ని తోమిన నీళ్ళకి రోడ్డు మీద కాలవ పారి, అందులో చేపలు పట్టినవాళ్ళు కూడా ఉన్నారు. మా దగ్గరొక పద్ధతి ఉండేది. ఏ పనిముట్టును ఎవరు వాడతారో దానికి బొట్టు వాళ్ళే పెట్టాలి. స్టీరింగుకు డ్రైవరు, కాటాకు హమాలీ మేస్త్రి, స్పానర్లకు మెకానిక్కు. మా మెకానిక్కు భాయ్ తెల్లవారి నమాజు చేసుకుని వచ్చి, స్పానర్లన్నీ కిరసనాయిల్లో కడిగి చిన్నా పెద్దా వరసలో పేర్చేవాడు. ఇంకో సంగతి. లారీకి తలుపు మీద బొట్టు పెడితే చాలదు. బానెట్టు ఎత్తి ఇంజనుకు పెట్టాలి.

ఓనరు వాళ్ళమ్మను అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. పూజకు ఆమే పెద్ద. గంధం, కుంకుమ ఉన్న పళ్ళెం పట్టుకుని, భాయ్‌ని వెంటబెట్టుకుని కంప్యూటరు గదిలోకొచ్చింది. నేను కంప్యూటరు మీదా ప్రింటరు మూత మీదా చూపించి "ఇక్కడ పెట్టండమ్మా" అన్నాను.

"మూతకు పెడితే ఎట్టారా? దీని ఇంజను ఏడుంది?"

"లోపలుందమ్మా. కంపెనీవాళ్ళు సీలేశారు, విప్పకూడదు."

"మనం కొన్నామా, అద్దెకు తెచ్చామా?"

"కొన్నాం."

"మరింకేంది? భాయ్, బానెట్టు ఇప్పు."

భాయ్ స్క్రూల మీద అంటించిన కంపెనీ కాయితం చింపి మూత తీశాడు. లోపల్నుంచి దుమ్ము లేచింది. ఆ కారంతో ఊరంతటికీ ఆవకాయ పెట్టొచ్చు. పూజకు ముందు దేన్నైనా తుడవాలి గదా! భాయ్ గుడ్డతో మెత్తగా తుడిచాడు. గుడ్డకు ఏదో తగులుకుని ఊడొచ్చింది. పెసరగింజంత నల్లటి క్లిప్పు. అది ఉన్నచోట సన్నటి పిన్నులు రెండు నిలబడి ఉన్నాయి.

"ఇదేంది బాబూ?" అని నాకు చూపించాడు. నేను అన్నీ తెలిసినవాడిలా "చెత్తే" అన్నాను. భాయ్ దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

పెద్దమ్మ పళ్ళెం అక్క ముందు పెట్టింది. అక్క వెనక్కి జరిగింది.

"మీరు పెట్టండమ్మా. నేనెట్టా పెడతాను?"

"ఈ పెట్టె నడిపేది ఎవరే? నేనా? నాకు స్టవ్వు ముట్టించడమే సరిగా రాదు. రా ముందుకు."

అక్క చేతులు కడుక్కొచ్చింది. ఉంగరం వేలు గంధంలో, తర్వాత కుంకుమలో అద్ది ప్రింటరు లోపలికి వంగింది. ఎక్కడ పెట్టాలో తెలియక, ఎదురుగా ఖాళీగా కనబడ్డ ఆ రెండు పిన్నుల మీదే బొట్టు పెట్టింది. భాయ్ మూత బిగించాడు.

పండగ సెలవు పోయాక అక్క మిషన్లు ఆన్ చేసి మొదటి బిల్లు కొట్టింది. ప్రింటరు ఒక్కసారి గుటకేసి, తుపాకులు పేల్చినట్టు మొదలుపెట్టింది. కాయితం బుసకొట్టుకుంటూ బయటికొచ్చి నేల మీద పడింది. ఓనరు ఎక్కడో మంటలు లేచాయనుకుని నీళ్ళ బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు. బీడీ ముట్టించిన డ్రైవరు ఒక దమ్ము లాగేలోపల మూడు కాపీలూ చేతిలో పెట్టింది అక్క. అతను బీడీ పారేయడం మర్చిపోయి వేలు కాల్చుకున్నాడు.

"అమ్మోరి మహిమ" అన్నాడు ఓనరు. మర్నాటి నుంచి ప్రింటరు ముందు రోజూ ఒక నిమ్మకాయ. లారీలు పొద్దుండగానే కదిలేవి. పెట్టెను వెనక్కి పంపే మాట మళ్ళీ ఎత్తలేదు. అక్క ముఖంలో నవ్వు మొదటిసారి అప్పుడే చూశాను.

దీపావళి దాటాక కంపెనీ ఇంజనీరు సర్వీసింగుకు విజయవాడ నుంచి వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు, తాటిచెట్టంత పొడుగు. బూట్లు విప్పుతున్నవాడల్లా చప్పుడు విని ఒంటికాలి మీద ఆగిపోయాడు.

"ఆ సౌండ్ మీ ప్రింటరుదేనా సార్?"

"మాదే. బాగుందా?"

"ఇది ఇంత స్పీడుగా కొట్టకూడదు సార్."

మూత తీయించాడు. లోపల తొంగి చూసి తల పట్టుకున్నాడు. "క్లిప్పు ఏదీ?"

భాయ్ జేబు తడుముకున్నాడు. "ఆ చొక్కా మా ఇంటామె ఉతికేసింది సాబ్."

ఇంజనీరు నిదానంగా చెప్పుకొచ్చాడు. మేము కొన్నది తక్కువ రేటుకు వచ్చే నెమ్మది మోడలు. ఎక్కువ రేటుకు వచ్చే స్పీడు మోడలు వేరే ఉంది. ఆ స్పీడు కావాలంటే డబ్బు కట్టాలి, అప్పుడు తనే వచ్చి మార్చిపోతాడు.

"ఏం మారుస్తావు బాబూ?" అన్నాడు ఓనరు.

కుర్రాడు నేలచూపులు చూశాడు. "ఆ క్లిప్పు తీసేస్తాం సార్."

"ఇంకా?"

"ఇంకేం లేదు సార్. మిషను రెండూ ఒకటే."

ఓనరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అంటే చానా రేటు కట్టినోడికి క్లిప్పు లేదు. తక్కువ కట్టిన నాకు క్లిప్పు అదనంగా ఇచ్చారు. మీ కంపెనీ దయగలదయ్యా! రేపు నేను లారీ కొంటే అయిదో గేరు పడకుండా మేకు కొట్టిస్తారా? ఆ మేకు పీకడానికి మళ్ళీ నాకే బిల్లేస్తారా?"

"నేను పెట్టిన రూలు కాదు సార్. సీలు తెగింది. ఇట్లా వదిలేసి వెళ్తే నా మీదకొస్తుంది."

"క్లిప్పు ఏస్తే ఎయ్యి. మళ్ళీ నత్తలాగా అయిందా, సాయంత్రానికి పెట్టెను నీతోనే పంపిచ్చేస్తా. ఆ అమ్మాయి కూడా రేపటి నుంచి రానక్కర్లేదు. నేను లారీలు ఆపుకుని కూర్చోలేను."

అక్క ప్రింటరు పక్కనే ఉంది. కాయితం అంచులు సర్దుతూ ఉంది, సర్దినవే మళ్ళీ సర్దుతూ.

ఇంజనీరు తన పెట్టెలోంచి అగ్గిపెట్టె తీశాడు. దాని నిండా అట్లాంటి క్లిప్పులే. ఒకటి తీసుకుని లోపలికి వంగాడు. పిన్నుల మీద గంధమూ కుంకుమా గడ్డకట్టి ఉన్నాయి. క్లిప్పు దిగలేదు. దూది తీసి స్పిరిట్టులో ముంచాడు.

అప్పుడు గుమ్మంలో పెద్దమ్మ ప్రత్యక్షమైంది. "ఒరేయ్ అబ్బాయ్! మా వాకిట్లోకొచ్చి బొట్టు తుడుస్తావంట్రా? మీ అమ్మ ఇదేనా నేర్పింది? నీ చెయ్యెట్టా ఆడతదిరా!" అని మొదలుపెట్టి మాచర్ల దాకా వినబడేట్టు కేకలేసింది. యార్డు యార్డంతా గుమిగూడింది. హమాలీలు బస్తాలు దించేసి వచ్చారు. వీధిలో బస్సు ఆగింది. ఇంజనీరు దూది పారేసి, మూత బిగించి, కొత్త సీలేసి, టీ కూడా తాగకుండా విజయవాడ బస్సెక్కాడు. అక్క ఆ ఆఫీసులోనే ఉండిపోయింది. నేను అక్కడ పని మానేసేనాటికి కూడా ఆ గదిలో బిల్లులు కొడుతూనే ఉంది.

ఇందులో ఏది పెంచానో మీకే తెలుసు. ఆవకాయ, చేపలు, పిడుగురాళ్ళ పెళ్ళి, అవన్నీ పిల్లిని ఏనుగు చేయడమే. పిల్లంటూ ఉంది గదా! బొత్తిగా లేనిదాన్ని పుట్టించింది మాత్రం ఒక్కచోటే. పెద్దమ్మ ఆ రోజు నరసరావుపేటలోనే లేదు. దుర్గిలో చెల్లెలింటికి వెళ్ళింది. కేకలు లేవు, జనం లేరు, బస్సు ఆగలేదు.

జరిగింది ఇది. కుర్రాడు దూది పట్టుకుని లోపలికి చెయ్యి పెట్టబోయాడు. అక్క కాయితం సర్దడం ఆపి "దాన్ని తుడవమాకండి" అంది. గొంతు పెంచలేదు. అతను తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత పిన్నుల మీది బొట్టును చూశాడు. దూది మళ్ళీ డబ్బాలో పెట్టి, స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. టీ కూడా తాగాడు.

ఆ రెండు ముక్కలకే మనిషి ఆగిపోయాడని రాస్తే మీరు నమ్మరేమోనని పెద్దమ్మను దుర్గి నుంచి పిలిపించాను.