నీడమంత్రిగారి చివరి వాక్యం

మా అక్క భర్త పద్నాలుగేళ్ళపాటు ఒక మంత్రిగారి దగ్గర టైపిస్టుగా పనిచేశారు. అయితే ఆ మంత్రి మంత్రి కాడు. ప్రతిపక్షం తనలో తానే ఒక మంత్రివర్గాన్ని కూర్చుకొని, ప్రభుత్వంలోని ఒక్కొక్క మంత్రికి ఎదురుగా తన మనిషి నొకరిని నిలిపి, ఆ మంత్రి పనిలో తప్పులు పట్టిస్తుంది. దీనిని ‘ఛాయామంత్రివర్గం’ అంటే సమాసం సలక్షణంగా ఉంటుంది. ‘నీడ మంత్రివర్గం’ అంటే మిశ్రసమాసం. చెల్లుతుంది కానీ తెలుగు మాస్టారునైన నా చెవికి కాస్త గరుకు. నేనీ ముక్క ఎత్తినప్పుడల్లా మా అక్క, “సమాసం సంగతి సరేరా, ఆయన చొక్కా కాలరు చిరిగి నెలయింది, అది చూసేవాళ్ళేరీ?” అనేది.

బావగారి మంత్రి నీటి సరఫరా శాఖకు నీడ. సభాభవనంలో నేలకు దిగువన వారి గది. అక్కడి కిటికీలోంచి కాలిబాట మీద నడిచే చెప్పులు కనిపించేవి తప్ప మనుషులు కనిపించేవారు కారు. అసలు మంత్రి కార్యాలయం మూడో అంతస్తులో ఉండేది. ఎక్కడ గొట్టం పగిలినా, కుళాయి ఎండినా, బావగారు నివేదిక టైపు చేసేవారు. దాని చివర ‘మంత్రి రాజీనామా చెయ్యాలి’ అని ఉండేది. చేరిన కొత్తలో ఒక ఆదివారం ఆ కాగితం నా ముందు పెట్టారు.

“మాస్టారూ, ఇది కాస్త బరువుగా ఉండాలట. మావాడు చదివితే బల్లలు మోగాలట.”

“బల్లలు మోగడానికి వ్యాకరణం ఎందుకు బావా, అరచేతులు చాలవూ?”

“అరచేతులు బోలెడున్నాయి. మాటే లేదు.”

రాసిచ్చాను: ‘ఈ వైఫల్యానికి పూర్తి బాధ్యత వహించి, సంబంధిత మంత్రివర్యులు తమ పదవికి తక్షణమే రాజీనామా చేయవలెనని సభాముఖంగా కోరుచున్నాను.’ వహించేవారూ రాజీనామా చేసేవారూ ఒక్కరే. కోరేవారు మాత్రం వేరు. కర్తల విషయంలో నేను పొరపాటు పడను. ఆ వాక్యం పద్నాలుగేళ్ళు నడిచింది. దానిని నీడమంత్రిగారు కాగితం చూడకుండా, తల పైకెత్తి చదివేవారట.

బావగారికి ఆశ ఒక్కటే. పాత నివేదికల వెనుక పక్కన, ఊళ్ళో ఏ వీధి కింద గొట్టం కుళ్ళిందో పటంగా గీసుకున్నారు. “మేం గెలిస్తే, నేను పైకి వెళ్తే, ఒక్క వీధికైనా గొట్టం మార్పిస్తే చాలు మాస్టారూ. ఇన్నేళ్ళూ తప్పులు పట్టడమేగా” అనేవారు. వ్యాకరణంలో ఈ ‘గెలిస్తే’, ‘వెళ్తే’లను చేదర్థకం అంటారు. ఆయన బతుకంతా అందులోనే గడిచింది.

చివరకు గెలిచారు. నీడ మంత్రయ్యాడు. బావగారు పటాన్ని చుట్టి చంకన పెట్టుకొని మూడో అంతస్తుకు వెళ్ళారు. అక్కడి కిటికీలోంచి ఆకాశం కనిపిస్తుందని అక్కతో చెప్పారట.

పదకొండో నాడు పెద్ద గొట్టం పగిలి సగం ఊరికి నీళ్ళు ఆగిపోయాయి. గంటలోగా మంత్రి సభలో ప్రకటన చేయాలి. ఆ గొట్టం బావగారి పటంలో మొదటిది. పటం ఇంకా ఎవరూ విప్పి చూడలేదు. ఆయన ప్రకటన టైపు చేశారు. పేజీ అడుగుకు రాగానే వేళ్ళు తమకు అలవాటైన వాక్యాన్ని కొట్టేశాయి. మంత్రిగారు అలవాటు ప్రకారం చివర తల పైకెత్తి, కాగితం చూడకుండా, తన రాజీనామాను తానే కోరారు. వెంటనే ఎదుటి వరుసల్లో బల్లలు మోగాయి.

మంత్రిగారు కోప్పడలేదట. “మీ తప్పు కాదండీ, చదివింది నేనేగా. కానీ ఇక మీరు కిందనే ఉంటే బాగుంటుంది” అన్నారట.

“కింద ఇప్పుడు ఎదుటివాళ్ళు ఉన్నారండీ” అన్నారట బావగారు.

మంత్రిగారు మరో కాగితం చేతిలోకి తీసుకున్నారట.

మరునాడు నేను వెళ్ళేసరికి బావగారు బనీనుతో కుర్చీలో కూర్చుని ఉన్నారు. పనిదినాన ఆయనను ఇంట్లో చూడడం నాకదే మొదలు. అక్క ఆ చొక్కా కాలరు కుడుతోంది. ఎక్కడికి తొడుక్కుని వెళ్ళాలో ఆమె అడగలేదు.

“పటం తెచ్చుకున్నావా బావా?”

“సొరుగులో ఉంది. ఎవరైనా తెరిస్తే చూస్తారు.”

నా ముఖంలోకి చూడకుండా అడిగారు: “ఆ వాక్యంలో తప్పేం లేదుగా మాస్టారూ?”

కోరేవారూ రాజీనామా చేసేవారూ ఒక్కరే అయితే ఏమవుతుందో ఆ వాక్యం రాసిననాడు నేను ఆలోచించలేదు. ఏ వ్యాకరణంలోనూ దానికి సూత్రం లేదు.

“లేదు బావా” అన్నాను. “ఒక్కటి కూడా లేదు.”