దివాలా అర్జీలో వినాయకుడి లడ్డూ

ఐపీ పెట్టడమంటే ఏమిటో నాకు చిన్నప్పటి నుంచే తెలుసనుకునేవాడిని. మాది దుకాణాల ఇల్లు. బాపుది కిరాణం, చిన్నాయనది బట్టలు, మేనమామది ఇనుప సామాను. పిల్లల్ని భయపెట్టడానికి మా ఇంట్లో దయ్యాల అవసరం పడలేదు. "ఫలానా ఆయన ఐపీ పెట్టిండంట" అని బాపు గొంతు తగ్గించి అంటే చాలు, అన్నం వద్దని మారాం చేసేవాళ్లం కూడా పళ్లెం ఊడ్చి తినేవాళ్లం. ఆ ఐపీని ఎక్కడ పెడతారో, ఎట్లా పెడతారో మాత్రం ఎవరూ చెప్పలేదు. పెట్టినవాడు తెల్లారి ఊళ్లో కనిపించడు, మాకు తెలిసిన చట్టం అంతే.

అట్లాంటి నేను, నలభై ఆరేళ్లు వచ్చాక, శంషాబాద్ అంతా దివాలా లాయరు కోసం తిరిగాను.

ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో నాది సూట్‌కేసుల దుకాణం. దుబాయి పోయేవాళ్లు జిప్పు తెగిందనో, బరువెక్కువైందనో ఆఖరు నిమిషంలో దిగుతారు. బయట కాంటా పెట్టాను, తూచితే ఇరవై రూపాయలు. విమానం టైము దగ్గరపడినవాడు బేరమాడడు, కాబట్టి దుకాణం బాగా నడిచింది. బాగా నడుస్తున్నదని కొత్తూరులో ఇంకొకటి తెరిచాను. ఫ్యాక్టరీల్లో పనికి వచ్చే ఇంతమందికి సూట్‌కేసులు కావాలి కదా అని నా లెక్క. వాళ్లు బస్తాలో బట్టలు తెచ్చుకుంటారని, పోయేటప్పుడు కూడా అదే బస్తా భుజాన వేసుకుని పోతారని, రెండేళ్లు కిరాయి కట్టాక అర్థమైంది. అప్పటికి బేగంబజారు హోల్‌సేలు సేటుకు, ఫైనాన్సు ఆఫీసుకు, మా గల్లీలో చిట్టీ నడిపే అక్కకు కలిపి పద్నాలుగు లక్షలు బాకీ పడ్డాను.

మా ఆవిడ లెక్కలు అడగలేదు. పొద్దున చాయ్ ఇస్తూ ఒకటే అడిగేది: "కొత్తూరుది పోతే పోనీ. ఈడిది ఉంటదా, పోతదా? గదొక్కటి చెప్పు." నేను చాయ్ బాగుందనేవాడిని.

మొదటి దుకాణంలోనే కొనేవాడు మా వంశంలో పుట్టలేదు. అందుకని ముగ్గురు లాయర్ల రేట్లు కనుక్కుందామని బయల్దేరాను. అందరి దగ్గరా "మా దోస్తు కోసం" అనే చెప్పాను.

మొదటాయన నా మాట సగంలో ఉండగానే "ఎన్ని గుంటలు?" అన్నాడు. ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల లాయర్లంటే భూముల లాయర్లే. భూమి లేదు, అప్పులే ఉన్నాయి అన్నాను. "మరి అప్పులకు భూమి ఏదన్న తాకట్టు పెట్టిండా మీ దోస్తు?" అని ఆశగా అడిగాడు. లేదనగానే ఆయన కళ్లల్లో కరెంటు పోయింది.

రెండో ఆయన్ను ఫోన్లో వెతికి పట్టుకున్నాను. సిటీలో అద్దాల బిల్డింగు, పద్నాలుగో అంతస్తు. కొత్త దివాలా చట్టం కంపెనీలకు, కంపెనీలకు జామీను ఉన్నవాళ్లకే వర్తిస్తోందని, మామూలు మనిషి ఇంకా పాత చట్టం కిందే జిల్లా కోర్టుకు పోవాలని ఆయనే చెప్పాడు. ఫీజు గంటల లెక్కన అన్నాడు. గంటకు ఎంతో విన్నాక, "అర్ధగంటకు?" అన్నాను. చెప్పాడు. "పావుగంటకు?" అన్నాను. ఆయన గోడ గడియారం వైపు చూశాడు. నేను కూడా చూశాను. వచ్చి పన్నెండు నిమిషాలైంది. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే లిఫ్టు దగ్గర తేలాను.

మూడో ఆమె సాతంరాయిలో, జిరాక్సు దుకాణం పైన ఉంటుంది. అరవై దాటిన మనిషి. ఐపీ కేసులు ఇరవై ముప్పై చూసింది. ఫీజు చెప్పగానే నేను 'మేడం' నుంచి 'అక్కా'కి దిగాను.

"అక్కా, దోస్తు గరీబోడు. జర చూసి చెప్పు."

"దోస్తుకు అక్కనా, నీకు అక్కనా?"

"ఇద్దరికీ."

"అయితే దోస్తుని పంపు తమ్మీ. నీ మొఖం చూస్తే దోస్తు నువ్వే అని తెలుస్తనే ఉంది."

అయినా వదల్లేదు. మూడుసార్లు లేచి మెట్లదాకా పోయి, పిలుస్తుందేమోనని ఆగాను. ఆమె మూడుసార్లూ ఫైలు చదువుకుంటూనే ఉంది. నాలుగోసారి నేనే వచ్చి కూర్చుంటే, పాపమని రెండు వేలు తగ్గించింది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఐపీ పెట్టంగనే అప్పులు ఎగిరిపోవు. ఆస్తులు, అప్పులు అన్నీ రాసి కోర్టుకు ఇవ్వాలి. అప్పు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ నోటీసు పోతుంది. కోర్టు పెట్టిన మనిషి ఆస్తి చేతికి తీసుకుని అమ్మి పంచుతాడు. కట్టుబట్టలు, వంటగిన్నెలు, పరుపులు, చేతిపని చేసుకునేవాడి పనిముట్లు వదిలేస్తారు. మిగతా బాకీ నుంచి విడుదల చేయాలా వద్దా అనేది జడ్జి ఆ తర్వాత చూస్తాడు.

"నువ్వు సక్కగ బతికినవా, దుబారా చేసినవా అని గూడ చూస్తరు. ఇగ పేర్లు రాయి."

మూడు పేర్లు రాశాను.

"అయిపోయినయా?"

"అయిపోయినయి."

"మా గల్లీ మలుపుల నీ ఫ్లెక్సీ ఉంది. నెత్తి మీద లడ్డూ, మెడల దండ, పక్కన బ్యాండు. ఆ లడ్డూ పైసలు కట్టినవా?"

కట్టలేదని ఒప్పుకున్నాను. అది పోయిన వినాయక చవితి సంగతి. బాలాపూర్ లడ్డూకున్నంత పేరు లేకున్నా మా మండపంలో కూడా వేలం ఉంటుంది. పాడుకున్న పైసలు పై ఏడు పండుగ లోపల కట్టాలి. నేను పాడదామని పోలేదు. నా మీద ఎప్పుడూ మీసం తిప్పే సిమెంటు దుకాణం ఆయన పాడుతున్నాడు. ధర పైకి ఎక్కించి, ఆయన్ను అక్కడ ఇరికించి, నేను తప్పుకుందామనుకున్నాను. సంతలో ఎడ్ల బేరం దగ్గర మా మేనమామ చేసే పని అది. లక్షా పది వేలన్నాడు. లక్షా ఇరవై అన్నాను. ఆయన నాకు దండం పెట్టి నవ్వుతూ కూర్చున్నాడు. బతుకంతా ధరలు కిందికి గుంజిన మనిషిని, పైకి పోయే బేరంలో ఆగేది ఎక్కడో నాకు తెలియలేదు.

"దేవుని బాకీ కూడా రాయాల్నా అక్కా?"

"బాకీ బాకీనే. ఒక్కటి దాచినా అర్జీ మొత్తం అబద్ధం అయితది. కమిటీ పేరు, అడ్రసు కనుక్కొనిరా."

కమిటీ అధ్యక్షుడు టెంటు సామాను కిరాయికి ఇచ్చే మనిషి. కుర్చీలు లెక్కపెట్టుకుంటూ ఉంటే పోయి అడిగాను.

"అన్నా, మన కమిటీ అసలు పేరేంది? కోర్టు నోటీసు పంపాలె."

"కోర్టు నోటీసా? వినాయకునికా?"

"వినాయకునికి గాదన్నా, కమిటీకి. రిజిస్టర్ అయ్యిందా?"

"లడ్డూ ఎత్తుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ అడిగినవారా నువ్వు?" అని కేకేసి, వెంటనే చుట్టూ చూసి నన్ను డేరా గుడ్డల వెనక్కి లాక్కుపోయాడు. "ఇంతకుముందు పాడినోళ్లు ఇద్దరు ఇంకా కట్టలే. నువ్వు ఐపీ పెట్టినవని తెలిస్తే వాళ్లు గూడ పెడతరు. ఇగ విగ్రహానికి అడ్వాన్సు మా అయ్య ఇస్తడా? సగం కొట్టేస్త, కోర్టు మాట ఎత్తకు."

అడగకుండానే సగం తగ్గింది! నిజం చెప్పాలంటే కొంచెం అవమానంగా కూడా అనిపించింది, ఇన్నేళ్లు గొంతు చించుకుని నేనెప్పుడూ సగం తగ్గించలేదు. పరుగున సాతంరాయి పోయాను.

"అక్కా, ఐపీ కాగితం చూపిస్తే చాలు, అందరూ సగం కొట్టేస్తరు!"

ఆమె కళ్లద్దాలు తీసింది. "బెదిరిస్తవా? ఒకని దగ్గర చాటుగ తగ్గించి, ఇంకొకనికి చాటుగ ఇస్తే, రేపు కోర్టుకు పోవాల్సొస్తే గదే నీ మెడకు సుట్టుకుంటది. నలుగుర్ని ఒక్కతాన కూసోబెట్టు. ఉన్నదున్నట్టు చెప్పు. ఒప్పుకోకుంటే అప్పుడు అర్జీ."

ఆదివారం పొద్దున నలుగురూ ఆ జిరాక్సు మెట్లెక్కారు. నా లెక్కలు నేనే చదివాను. లడ్డూ దగ్గరికి వచ్చేసరికి సేటు అందుకున్నాడు: "నా మాల్ ఉద్దెర తీస్కొని నువ్వు లడ్డూ తిన్నవ్? ప్రసాదం భీ పంపలే!"

"లడ్డూతోని సమానంగ మా ఫైనాన్సు ఎట్ల నిలబడ్తది మేడం?" అన్నాడు ఫైనాన్సు ఆయన.

"దేవుని పైసలు ముందు ఇయ్యాలె," అన్నాడు అధ్యక్షుడు.

"కోర్టుల దేవుడు గూడ లైన్ల నిలబడాల్సిందే," అన్నది లాయరమ్మ. కోర్టుకు పోతే ఎన్నేళ్లు పడుతుందో, ఖర్చులు పోను ఎవరి చేతికి ఎంత వస్తుందో కాగితం మీద వేసి చూపించింది. చిట్టీ అక్క ఆ కాగితం చూసి నా వైపు చూసింది. "వీడు కోర్టు బయట ఉంటేనే నయం. సూట్‌కేసులు అమ్మి కడతడు," అన్నది.

ఇక బేరం మొదలైంది. నా మీద నలుగురు బేరమాడుతుంటే నేను మధ్యలో నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి. కొత్తూరు దుకాణం మూసేయాలి. అక్కడి మాల్ కొన్న ధరకు పదో వంతు తగ్గించి సేటు వెనక్కి తీసుకుంటాడు, గులాబీ రంగువి తప్ప. ("గవి నేనే నీకు అంటగట్టిన, మల్ల నాకెందుకు?") మిగిలిన బాకీ అందరికీ ఒకే వంతున, ఇరవై నెలల్లో, ఇకపై వడ్డీ లేకుండా. ఫైనాన్సు ఆయన బయటికి పోయి మేనేజరుతో ముప్పావుగంట ఫోన్లో మాట్లాడి వచ్చి సంతకం పెట్టాడు.

అందరూ దిగిపోయాక లాయరమ్మ ఫీజు చీటీ ఇచ్చింది. ముందు అనుకున్నదానికి రెండింతలుంది.

"అక్కా, అర్జీ పెట్టలే గదా?"

"పెట్టకుండ చేసినందుకే అది."

ఈసారీ మెట్లదాకా పోయి ఆగి చూశాను. ఒక్క రూపాయి తగ్గలేదు.

ఇంటికి పోయి మంచం మీద వాలాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"ఇంతకూ దివాలా తీసినమా, తీయలేదా?"

"సగం తీసినం."

"ఈడి దుకాణం?"

"ఉంటది. ఇరవై నెలలు కిస్తులు తప్పకపోతే."

"మరి ఇంట్ల పండుకుంటే కిస్తు ఎట్ల వస్తది?" అంటూ తాళాలు నా పొట్ట మీద పడేసింది. "మధ్యాహ్నం విమానాల టైమైంది. లే."