తడి గోనె కట్టిన సెన్సర్

నంద్యాలలో ఇంజనీరింగ్ పిల్లలకు నేను అడాప్టివ్ కంట్రోల్ చెబుతాను. పరిస్థితి మారితే యంత్రం తన లెక్కలు తానే సరిచేసుకోవడం, అంతే విషయం. క్లాసులో చెప్పి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆళ్లగడ్డ దగ్గర మా మేనమామకు విత్తనాల వడ్లు ఆరబెట్టే పెట్టె ఒకటి చేసిచ్చాను. ఊక పొయ్యి, ఫ్యాను, గాలి వేడి చూసే సెన్సర్, దాన్ని బట్టి మంట పెంచి తగ్గించే నా బోర్డు. వేడి మించితే ఎర్రలైటు. కోతల్లో వాన పట్టుకుంది. వచ్చే పంటకు మామ దగ్గరున్న విత్తనమంతా ఆ పెట్టెలోనే ఉంది.

"నువ్వు దీని జోలికి పోవాకు మామా. అదే నేర్చుకుంటాది" అని గొప్పలు పోయి బస్సెక్కాను.

మూడోనాడు ఫోన్ చేశాడు. "అప్పా, నీ మిషన్ శానా తెలివైంది. నేనూ నేర్చుకుంటాండా."

ఆ రెండో ముక్క వినగానే మళ్లీ బస్సెక్కాను. వెళ్లి చూస్తే సెన్సర్‌కు తడి గోనెపట్ట చుట్టి ఉంది.

"ఇదేంది మామా?"

"ఎర్రలైటు ఎలిగి కాలిపోతాంటే పాపమనిపించింది. బోరు మోటరు కాగితే తడి గోనె కప్పమా? ఇదీ అంతే. గోనె తడిపితే లైటు ఆరిపోతాది."

సెన్సర్‌కు చల్లగా తగలడంతో, పొయ్యి చాలడం లేదనుకుని నా బోర్డు మంట పెంచింది. గోనె ఆరగానే ఎర్రలైటు. మామ మళ్లీ తడిపాడు, ఈసారి ఇంకా దండిగా. బోర్డు ఇంకా పెంచడం నేర్చుకుంది. ఇలా ఒకరిని చూసి ఒకరు తెలివిమీరుతూ పోయారు. నేర్చుకునే యంత్రం నేర్చుకునే మనిషి చేతిలో పడితే ఏమవుతుందని మా శాస్త్రం ఇంకా తల గోక్కుంటూనే ఉంది. మామ ఇంట్లో మాత్రం తేలిపోయింది. పొయ్యి వైపు వడ్లు పేలాలయ్యాయి. అత్త వాటిని చాటలో చెరిగి, బెల్లం ముక్క పెట్టి నన్నే తినమంది. తిన్నాను. బాగున్నాయి, అదీ నా ఖర్మ.

మిగతా వడ్లకు ప్రాణముందో లేదో చూద్దామని, మామ పిడికెడు తీసి అదే తడి గోనెలో మూట కట్టాడు. నంద్యాలకు తిరిగొచ్చి పాఠం చెబుతున్నానే గానీ నా మనసంతా ఆ మూట మీదే. ఆదివారం వెళ్లాను. ముగ్గురం చుట్టూ కూర్చుని విప్పాం. ఒకే ఒక్క గింజ మొలిచింది. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. మామ ఆ గింజను అరచేతిలో పెట్టుకుని, మురిసిపోతూ నాకు చూపించాడు.

"ఇదొక్కటి నా మాటా ఇనలేదు, నీ మిషన్ మాటా ఇనలేదప్పా."