గ్యెబీ పలక

బిరాగో పొయ్యి నా పొయ్యి పక్కనే. బోసుమ్త్వి సరస్సు ఒడ్డున చేపలకు పొగపెట్టి అమ్ముకునే మా ఆడవాళ్లలో అంత మంచి చెయ్యి ఇంకొకరికి లేదు, అంత చెడ్డ నోరూ లేదు. నా పొయ్యి పొగ తన చేపల మీదికి మళ్లితే చాలు, నా ఏడుతరాలనూ దులిపేస్తుంది. కానీ ఆమె కడుపులో అసలు మంట మా ఊరి జాలరి గ్యెబీ మీదే.

మా నీళ్లకు ఇనుము తగలకూడదు. తగిలితే సరస్సు అలుగుతుంది. అందుకే మగవాళ్లు దుంగను చెక్కిన పలక మీద కూర్చుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ వేటకు వెళ్తారు. ఈ కట్టుబాటు తప్పినవాడి పలకను ఒడ్డున తగలబెడతారు. వాడు మళ్లీ వేటకు దిగడానికి లేదు.

బిరాగో తమ్ముడు అసామోవా బుట్టవలలో ఒకరోజు ఇనుప కొక్కెం బయటపడింది. పట్టి చూపించింది గ్యెబీ. చేపలు బాగా పడే చోటు కోసం ఇద్దరికీ ఎప్పటినుంచో తగవు. అలాంటి కొక్కేలు అమ్మే కుమాసీ సంతకు ఆ వారం వెళ్లొచ్చిందీ గ్యెబీ ఒక్కడే. ఊరందరికీ అర్థమైంది, ఒక్కడూ నోరు మెదపలేదు. పలకకు నిప్పు పెట్టింది కూడా ఆ మహానుభావుడే.

అసామోవా పొట్ట చేతపట్టుకుని వోల్టా సరస్సుకు పోయాడు. అది ఆనకట్ట కట్టి నింపింది. మునిగిపోయిన అడవి ఇంకా అడుగున నిలబడే ఉంది. వల ఒక మోడుకు చిక్కుకుంటే విడిపించబోయి వాడూ మునిగాడు. శవం కూడా దొరకలేదు. బిరాగో ఏడవలేదు. "ఆ గ్యెబీ నా చేతికి చిక్కకపోతాడా," అంది.

గ్యెబీ ఊరి పెద్దయ్యాడు. ఒడ్డున ఉన్న హోటలువాళ్లు ఇనుప ఇంజను పడవ తెస్తే పెద్ద గోల చేశాడు. "అది ఎక్కిన మనవాడెవడూ మళ్లీ పలకెక్కడు," అని అందరి ముందూ తీర్పు చెప్పాడు.

మొన్న వానలప్పుడు నడిమధ్యాహ్నం గాలి లేచింది. గ్యెబీ పలక బోల్తాపడి కొట్టుకుపోయింది. నీళ్లలోంచి పైకి పొడుచుకొచ్చిన ఎండుచెట్టును పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ అలల్లో చేతులతో తోసుకుంటూ ఎవడు వెళ్లగలడు? గ్యెబీ భార్య పొకువా గుండెలు బాదుకుంది.

"ఆ ఇంజను పడవ దించండయ్యా!"

ఎక్కితే తమ పలక పోతుందని మగవాళ్లు వెనక్కి తగ్గారు. బిరాగో చేతుల మసి తుడుచుకుంటూ లేచింది. "దించండి, నేనెళ్తా." నడపడానికి హోటలు కుర్రాడు ఎక్కాడు, నేనూ ఎక్కాను. ఆడవాళ్లం ఎలాగూ పలకెక్కం, మాకు పోయేదేముంది?

చెట్టుకు రెండు బారల దూరంలో ఆమె పడవను ఆపించింది.

"బిరాగో, తల్లీ, చెయ్యివ్వు!"

"ఇస్తా. ఆ కొక్కెం ఎవరిదో చెప్పు."

"ఇప్పుడా? చచ్చిపోతున్నానే!"

"మా తమ్ముడూ మోడు దగ్గరే చచ్చాడు. చెప్పు."

"నాదే! నేనే పెట్టా! ఇక చాలా?"

"చాల్లేదు. ఇది ఇనుము. ఎక్కావంటే నీకిక పలక లేదు. తీర్పు నీదే. ఎక్కుతావా, చెట్టుతోనే ఉంటావా?"

వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎక్కాడు. నాకైతే రవ్వంత జాలి కూడా కలగలేదు.

మర్నాడు పెద్దలంతా కూర్చున్నారు. వాడి తీర్పు వాడికే చెప్పారు. పలక ఒడ్డుకు కొట్టుకొస్తే బిరాగో అడిగి తీసుకుని, నరికి ఆరబెట్టింది. వారం తిరక్కుండానే దాంతో పొయ్యి రాజేసింది. మంట అందుకునే వేళకు గ్యెబీ వచ్చి నిలబడ్డాడు.

"అది మా నాన్న చెక్కిన పలక, బిరాగో. నా పొట్ట కొట్టకు. నేనెక్కడికి పోను?"

ఆమె చేపను తిరగేసింది.

"వోల్టాకు పో. మా తమ్ముడు అక్కడే ఉన్నాడు. కొక్కెం ఎవరిదో వాడికీ చెప్పు."